చేపల రూపవైవిధ్యంలో ఎదుగుదల కాలం: భిన్నకాలికతా భావన చరిత్ర – తెలుగునేల సాక్ష్యాలు

వ్యాససంగ్రహం

ఒక జీవి శరీరంలోని భాగాలు ఎప్పుడు మొదలై, ఎంత వేగంగా పెరిగి, ఎప్పుడు ఆగుతాయన్న దానిలో వచ్చే మార్పు కొత్త జాతుల రూపాలకు దారితీస్తుందని పరిణామ శాస్త్రం గుర్తించింది. ఈ మార్పునే హెటెరోక్రొనీ అంటారు. ఈ వ్యాసంలో దానికి ‘భిన్నకాలికత’ అనే మాట వాడడమైనది. ఈ భావన 19వ శతాబ్దం నుంచి నేటి దాకా మారుతూ వచ్చిన తీరును చేపల ఆధారంగా పరిశీలించడం, ఆ చరిత్రతో తెలుగునేలకు గల సంబంధాన్ని గుర్తించడం ఈ వ్యాసం లక్ష్యం. విశాఖపట్నం చేపలపై 1803లో వెలువడిన గ్రంథం, కాకినాడతో ముడిపడిన జె.బి.ఎస్. హాల్డేన్ కృషి, రాయలసీమ చెరువుల జలకాలం ఇందుకు ఆధారాలు. పెరిగిన చేపను మాత్రమే నమూనాగా తీసుకునే పద్ధతి పరిణామ చరిత్రలో సగభాగాన్ని మరుగుపరుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: భిన్నకాలికత, పునరావృత్తి, శైశవరూపత, సూదిమూతి చేపలు, హాల్డేన్, పాట్రిక్ రస్సెల్, ఓబులదేవరచెరువు.

1. ఉపోద్ఘాతం

శ్రీ సత్యసాయి జిల్లాలోని ఓబులదేవరచెరువు మండల కేంద్రం. ప్రజల వాడుకలో ఇది ఓడీ చెరువు. ఓబుళుడంటే అహోబల నరసింహుడు. దేవుడి పేరూ చెరువూ కలిసి ఊరి పేరు కావడం రాయలసీమలో అరుదు కాదు. అనంతపురం, బుక్కపట్నం, ధర్మవరం ప్రాంతాల చరిత్ర కూడా చెరువులతోనే పెనవేసుకొని ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ సీమలో ఊరు నిలవాలంటే ముందు నీరు నిలవాలి.

నీరు నిలిచిన చోటికి చేప వస్తుంది. అయితే ఈ చెరువుల్లో నీటికి గడువు ఉంది. వానలు ఎక్కువగా కురిసే సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నిండిన చెరువు వేసవి నాటికి అడుగంటవచ్చు. కొన్ని ఏళ్లలో అసలు నిండకపోవచ్చు. గుడ్డు పొదిగి, పిల్ల పెరిగి, తిరిగి గుడ్డు పెట్టే దశకు చేరడానికి చేపకు కొంత కాలం కావాలి. నీటి గడువుకూ చేప ఎదుగుదల గడువుకూ పొంతన కుదరకపోతే ఆ జాతికి ఆ చెరువులో చోటు లేదు. కాబట్టి చేపల వైవిధ్యాన్ని ‘ఏ జాతులు ఉన్నాయి’ అన్న ప్రశ్నతోపాటు ‘ఏ దశ ఎప్పుడు వస్తుంది’ అన్న ప్రశ్నతోనూ పరిశీలించవలసి ఉంటుంది. ఈ రెండవ ప్రశ్నకు శాస్త్రంలో దీర్ఘమైన చరిత్ర ఉంది.

2. పెరిగిన చేపే ప్రమాణం: రస్సెల్ గ్రంథం

తెలుగు తీరపు చేపలపై తొలి సమగ్ర గ్రంథం పాట్రిక్ రస్సెల్ రచన. స్కాట్లండుకు చెందిన ఈ వైద్యుడు 1780ల్లో విశాఖపట్నంలో ఉంటూ ఈస్టిండియా కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. పాముల మీద ఆయన చేసిన కృషి వల్ల రక్తపింజరికి శాస్త్రలోకంలో ఆయన పేరే నిలిచింది. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల వర్ణనలు, చిత్రాలతో ఆయన గ్రంథం 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువడింది.

ఆ గ్రంథం విశిష్టత పేర్లలో ఉంది. రస్సెల్ చాలా చేపలను స్థానికంగా విన్న తెలుగు పేర్లతోనే, రోమన్ లిపిలో నమోదు చేశాడు. తరువాతి యూరోపియన్ శాస్త్రవేత్తలు ఆ చిత్రాలను ఆధారంగా చేసుకొని కొత్త జాతులను వర్ణించారు. ఒక సొరచేప జాతికి స్థిరపడిన ‘కార్కరైనస్ సొర్రా’ అన్న శాస్త్రీయ నామంలో తెలుగు ‘సొర’ నేటికీ వినిపిస్తుంది. రస్సెల్ ‘కుడ్డెర’ అని నమోదు చేసిన పొడవాటి మూతి చేప ఆధారంగా 1823లో వాన్ హాసెల్ట్ ‘స్ట్రాంగిలూరా’ అన్న జాతినామాన్ని ఇచ్చాడు. ఆ జాతికి నమూనా స్థలం విశాఖపట్నమే.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. రస్సెల్ చిత్రాల్లో ఉన్నవి ప్రధానంగా రేవుకు వచ్చిన పెరిగిన చేపలు. జాతిని గుర్తించడానికి పెరిగిన రూపమే ప్రమాణమన్నది ఆనాటి పద్ధతి. 1822లో గంగానది చేపలపై ఫ్రాన్సిస్ హామిల్టన్ రాసిన గ్రంథమూ, 1870ల్లో భారతదేశపు చేపలపై ఫ్రాన్సిస్ డే వెలువరించిన గ్రంథమూ ఆ పద్ధతినే అనుసరించాయి. జాబితా తయారీకి అది చాలు. కానీ ఆ రూపం ఎలా వచ్చిందన్న ప్రశ్నకు పెరిగిన చేప ఒక్కటే సమాధానం చెప్పలేదు.

అయితే జాలరుల భాషలో దశకొక పేరు పెట్టే అలవాటు అప్పటికే ఉంది. సముద్రంలో ఉన్నంతకాలం విలస లేదా ఇలస అని పిలిచే చేప గుడ్లు పెట్టడానికి గోదావరికి ఎదురీదితే పులస అవుతుంది. శాస్త్రానికి ఒకటే జాతి. జనానికి రెండు పేర్లు. జీవితంలోని ఒక మలుపును పేరుగా గుర్తించిన వ్యవహారం ఇది. శాస్త్రీయ నామకరణంలో దీనికి చోటు లేకపోయింది.

3. పునరావృత్తి నుంచి భిన్నకాలికత దాకా

పిండాభివృద్ధికీ పరిణామానికీ సంబంధం ఉందన్న ఆలోచన 19వ శతాబ్దంలో బలపడింది. 1828లో కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ వేర్వేరు జంతువుల పిండాలు తొలిదశల్లో ఒకదానినొకటి పోలి ఉంటాయనీ, ఎదిగేకొద్దీ విడిపోతాయనీ వివరించాడు. ఒక జీవి పిండం మరొక జీవి పెరిగిన రూపాన్ని పోలదన్నది ఆయన స్పష్టం చేసిన విషయం. 1866లో ఎర్నెస్ట్ హెకెల్ భిన్నమైన సూత్రాన్ని ప్రతిపాదించాడు. ప్రతి జీవీ తన ఎదుగుదలలో పూర్వీకుల పెరిగిన రూపాలను వరుసగా, క్లుప్తంగా పునరావృతం చేస్తుందన్నది దాని సారాంశం.

ఆ సూత్రానికి లొంగని ఉదాహరణలు హెకెల్‌కే ఎదురయ్యాయి. కొన్ని అవయవాలు పూర్వీకుల వరుసలో ఉండవలసిన చోటు కన్నా ముందుగానో ఆలస్యంగానో కనిపించేవి. వాటిని సూచించడానికి 1875లో ఆయన వాడిన మాటే హెటెరోక్రొనీ. అంటే ఈ భావన మొదట నియమంగా కాక మినహాయింపుగా పుట్టింది.

ఈ మినహాయింపే అసలు యంత్రాంగమని గుర్తించడానికి మరో అర్ధశతాబ్దం పట్టింది. 1922లో వాల్టర్ గార్‌స్టాంగ్ హెకెల్ సూత్రాన్ని తలకిందులు చేశాడు. పరిణామ చరిత్ర ఎదుగుదలను నిర్ణయించదు, ఎదుగుదలలో వచ్చిన మార్పులే పరిణామ చరిత్రను నిర్మిస్తాయన్నది ఆయన వాదం. 1930లో గావిన్ డి బీర్ ఈ వాదాన్ని విస్తరించి, కాలమార్పులను రకాలుగా వర్గీకరించాడు. పూర్వీకుల పిల్లదశ లక్షణాలు వారసుల పెద్దదశలో నిలిచిపోవడం శైశవరూపత. పూర్వీకులు ఆగిన చోటును దాటి వారసులు ముందుకు ఎదగడం అతిరూపత. ఈ రెండు దిశలకూ మూలం కాలంలో మార్పే.

4. హాల్డేన్: జన్యువు పనిచేసే వేళ

ఎదుగుదల కాలం మారుతుందని చెప్పడం ఒక ఎత్తు. దానిని మార్చేది ఏమిటో చెప్పడం మరొక ఎత్తు. ఈ రెండవ పనికి జె.బి.ఎస్. హాల్డేన్ 1932లో పూనుకున్నాడు. జన్యువులు పనిచేసే వేళ గురించి, పరిణామ సమస్యలకు దానితో గల సంబంధం గురించి ఆయన ఆ ఏడాది ‘అమెరికన్ నేచురలిస్ట్’ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. జన్యువుల ప్రభావం బీజకణ దశలోనో, పిండదశలోనో, పిల్లదశలోనో, పెద్దదశలోనో వ్యక్తమవుతుందని ఆయన వర్గీకరించాడు. ఒక జన్యువు పనిచేసే వేళ పరిణామక్రమంలో ముందుకు జరిగితే పూర్వీకుల పెద్దదశ లక్షణం వారసుల పిల్లదశలోనే కనిపిస్తుంది. అది హెకెల్ చూసిన పునరావృత్తిలా తోస్తుంది. వెనక్కు జరిగితే పిల్లదశ లక్షణం పెద్దదశ దాకా సాగుతుంది. అది శైశవరూపత అవుతుంది. పరస్పర విరుద్ధంగా కనిపించిన రెండు దృగ్విషయాలకు ఒకే యంత్రాంగం చాలునని ఈ వివరణ చూపింది.

హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరాడు. అనంతరం భారత పౌరసత్వం తీసుకున్నాడు. భువనేశ్వర్‌లో పరిశోధనశాల నిర్వహిస్తూ 1964 డిసెంబరు 1న మరణించాడు. తన దేహాన్ని వైద్య విద్యార్థుల అధ్యయనానికి ఇవ్వాలన్న ఆయన కోరిక మేరకు దానిని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు తరలించారు. ఆయన శిష్యులలో తెలుగువాడైన ద్రోణంరాజు కృష్ణారావు తరువాత హాల్డేన్ జీవితచరిత్రకారుడిగా ప్రసిద్ధుడయ్యాడు.

హాల్డేన్ భారతదేశంలో ప్రోత్సహించిన పరిశోధన పద్ధతి కూడా ఇక్కడ ప్రస్తావనార్హం. ఖరీదైన పరికరాలు లేకపోయినా ఓపికగా చూడడం, లెక్కించడం, నమోదు చేయడం ద్వారా మంచి జీవశాస్త్రం సాధ్యమని ఆయన నమ్మాడు. వేర్వేరు రంగుల లాంటానా పూలపై ఏ సీతాకోకచిలుకలు ఎంత తరచుగా వాలుతాయో లెక్కించడం ద్రోణంరాజు తొలి పరిశోధనలలో ఒకటి. ఎదుగుదల కాలాన్ని అధ్యయనం చేయడానికి కావలసింది కూడా ప్రధానంగా ఇటువంటి ఓపికే.

5. సూదిమూతి చేపల సాక్ష్యం

భిన్నకాలికతకు చేపల్లో పాఠ్యపుస్తక ఉదాహరణగా నిలిచింది రస్సెల్ ‘కుడ్డెర’ కుటుంబమే. దీనిలోని చేపలకు రెండు దవడలూ సూదుల్లా పొడవుగా ఉంటాయి. వీటికి దగ్గరి బంధువులైన మరో వర్గంలో కింది దవడ మాత్రమే పొడవు, పైది పొట్టి. మొదటివాటిని సూదిమూతి చేపలనీ, రెండవవాటిని అరమూతి చేపలనీ ఈ వ్యాసం వ్యవహరిస్తుంది. దక్షిణ భారత నదుల్లో, చెరువుల్లో కనిపించే సూదిమూతి చేపను 1822లో హామిల్టన్ వర్ణించాడు. నేడు దాని శాస్త్రీయ నామం జెనెంటోడాన్ కాన్సిలా.

సూదిమూతి చేప పిల్లను గమనిస్తే ఆశ్చర్యకరమైన క్రమం కనిపిస్తుంది. పుట్టినప్పుడు రెండు దవడలూ పొట్టివే. మొదట కింది దవడ సాగుతుంది. పైదవడ కొంతకాలం వెనుకబడి ఉండి, తరువాత సాగి దానిని అందుకుంటుంది. మధ్యలో ఉన్న ఆ దశలో పిల్ల అచ్చంగా అరమూతి చేపలా ఉంటుంది. ఈ పోలికను రెండు విధాలుగా వివరించవచ్చు. అరమూతి చేపలు మధ్యలో ఎదుగుదల ఆగిన సూదిమూతి చేపలు కావచ్చు. లేదా సూదిమూతి చేపలు అరమూతి దశను దాటి ముందుకు ఎదిగినవి కావచ్చు.

పిండాన్ని మాత్రమే చూసి ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చలేం. వంశవృక్షం తెలియాలి. 2000లో నేథన్ లవ్‌జాయ్ ఈ వర్గపు బంధుత్వాలను విశ్లేషించి, సూదిమూతి చేపలు అరమూతి రూపం గల పూర్వీకుల నుంచి వచ్చినట్లు చూపాడు. కాబట్టి ఇక్కడ ప్రధాన దిశ అతిరూపత. అయితే అమెజాన్ ప్రాంతంలోని బెలోనియన్ అనే చిన్న సూదిమూతి చేపల్లో పెరిగిన తరువాత కూడా పైదవడ పొట్టిగానే ఉంటుంది. అవి తిరిగి పిల్లదశ రూపం వద్ద ఆగిపోయాయి. ఒకే వంశంలో కాలం ముందుకూ జరిగింది, వెనక్కూ జరిగింది. 2014లో హెలెన్ గుంటర్, క్లాడియా కాపర్‌మన్, ఆక్సెల్ మేయర్ ఈ డి బీర్ ఉదాహరణను తిరిగి పరిశీలించి, దవడల సాగుదలకూ కాల్‌మాడులిన్ అనే జన్యువు వ్యక్తీకరణకూ సంబంధం ఉన్నట్లు గుర్తించారు. జన్యువు పనిచేసే వేళ గురించి 1932లో హాల్డేన్ లేవనెత్తిన ప్రశ్నను ఇప్పుడు దవడ కణజాలంలోనే పరిశీలించడం సాధ్యమైంది.

రస్సెల్ చిత్రంలో ఉన్నది ఈ కథ చివరి ఘట్టం మాత్రమే. పైదవడ కిందిదానికన్నా ఆలస్యంగా సాగిందన్న అసలు సమాచారం పెరిగిన నమూనాలో మిగలదు.

6. ఆగిన ఎదుగుదల, కొత్త రూపం

ఎదుగుదల ముందే ఆగడం అంటే లోపమే కదా అన్న సందేహం సహజం. దీనికి సమాధానం ప్రయోగశాలల్లో విస్తృతంగా పెంచే జీబ్రా చేప బంధువులలో దొరికింది. జీబ్రా చేపను మొదట వర్ణించినదీ 1822లో హామిల్టనే. దానికి బంధువైన డానియొనెల్లా డ్రాకులా మయన్మార్‌కు చెందిన అతి చిన్న చేప. పొడవు రెండు సెంటీమీటర్ల లోపే. 2009లో రాల్ఫ్ బ్రిట్జ్ బృందం దీనిని వర్ణించింది. జీబ్రా చేప అస్థిపంజరంలో చివరగా ఏర్పడే ఎముకలు దీనిలో ఏర్పడనే లేదు. అలా లోపించిన ఎముకలు, ఎముక భాగాలు 40కి పైగా ఉన్నాయి. శరీరం పిల్లదశలో ఉండగానే సంతానోత్పత్తి సామర్థ్యం వచ్చేసింది. అయినా ఈ చేప మగవాటి దవడలపై కోరల్లాంటి ఎముక పొడుచుకులు ఏర్పడ్డాయి. దీని దగ్గరి బంధువుల్లో అటువంటివి లేవు. ఎముకల వరుస కుదించుకుపోవడం కొత్త నిర్మాణాలకు అవకాశం ఇచ్చిందని ఆ పరిశోధకులు భావించారు.

1977లో స్టీఫెన్ జే గూల్డ్ ఈ చరిత్ర మొత్తాన్ని సమీక్షిస్తూ ఒక కీలకమైన విభజన చేశాడు. పరిమాణం, ఆకృతి, వయసు అనే మూడూ కలిసి నడవనవసరం లేదు. ఒకటి ఆగినా మరొకటి సాగవచ్చు. 1979లో పెరె ఆల్బెర్క్, గూల్డ్, ఓస్టర్, వేక్ కలిసి దీనిని లెక్కించదగిన రూపంలోకి తెచ్చారు. ఎదుగుదల మొదలైన వేళ, ముగిసిన వేళ, వేగం అనే మూడు కొలతలతో ఏ కాలమార్పునైనా వర్ణించవచ్చునని వారు చూపారు.

7. చెరువు కాలం

ఈ కొలతలను రాయలసీమ చెరువులకు అన్వయించే ముందు చెరువు వయసును గుర్తుంచుకోవాలి. చెరువు మనిషి కట్టిన ఆవాసం. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు రెండేళ్లపాటు 1000 మంది కూలీలతో, 100 బండ్లతో కట్టించినట్లు 1369 నాటి శాసనం చెబుతుంది. జాతుల పుట్టుకకు ఆరేడు శతాబ్దాలు చాలా తక్కువ కాలం. కాబట్టి చెరువులు కొత్త జాతులను సృష్టించాయని చెప్పడానికి వీల్లేదు. చిత్రావతి, పెన్న వంటి నదుల్లో అప్పటికే ఉన్న చేపల్లో, నీటి గడువుకు తగిన జీవితక్రమం గలవాటిని చెరువు వడపోసిందని మాత్రం చెప్పవచ్చు.

ఎండే నీటికి చేపలు వేర్వేరు జవాబులు కనుగొన్నాయి. ఆఫ్రికాలోని నోతోబ్రాంకియస్ ఫర్జెరీ వానకు నిండే గుంటల్లో గుడ్డు నుంచి వెలువడిన సుమారు రెండు వారాల్లోనే పునరుత్పత్తి దశకు చేరగలదని మొజాంబిక్‌లో జరిపిన పరిశీలనలు 2018లో తెలిపాయి. గుంట ఎండితే పెద్ద చేపలు చనిపోతాయి. గుడ్లు మాత్రం ఎండిన మట్టిలో ఎదుగుదలను నిలిపివేసి తరువాతి వాన కోసం వేచి ఉంటాయి. ఇది కాలాన్ని ఒకచోట కుదించి, మరొకచోట సాగదీసిన జీవితక్రమం.

కొర్రమీను జవాబు వేరు. దాని మొప్పల పైన గాలి పీల్చుకునే గది ఉంటుంది. పొదిగిన వెంటనే ఈ అవయవం సిద్ధంగా ఉండదు. తొలిరోజుల్లో పిల్ల నీటిలోని ప్రాణవాయువుపైనే ఆధారపడి, ఆ గది ఏర్పడిన తరువాత పైకి వచ్చి గాలి పీల్చడం నేర్చుకుంటుంది. ఆ లోపు తల్లిదండ్రుల కాపలా ఉంటుంది. పెరిగిన కొర్రమీను తడి ఉన్న బురదలో నీరు లేకుండా చాలాకాలం నిలవగలదు. అంటే చెరువు ఎండే నాటికి గాలి పీల్చే అవయవం ఏర్పడి ఉండడం దాని మనుగడకు కీలకం.

శీలావతి, బొచ్చె వంటి పెద్ద చేపలు ప్రవహించే వరదనీటిలోనే సహజంగా గుడ్లు పెడతాయి. నిలిచిన చెరువులో పెట్టవు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, కె.హెచ్. అలికున్హి పీయూష గ్రంథి సారం ఎక్కించి ఈ చేపలతో గుడ్లు పెట్టించడంలో విజయం సాధించారు. నేటి చెరువుల్లో వదిలే చేపపిల్లల పరిశ్రమకు అదే పునాది.

8. మూడు రకాల కాలం

పైన పేర్కొన్న ఉదాహరణలన్నీ ఒకే కోవకు చెందవు. వీటిని కలగాపులగం చేయడం ఈ రంగంలో తరచుగా జరిగే పొరపాటు.

మొదటిది రుతుకాలం. పీయూష గ్రంథి సారంతో గుడ్లు పెట్టించినప్పుడు మారింది సంతానోత్పత్తి జరిగే సందర్భం మాత్రమే. ఆ గుడ్డులోని ఎదుగుదల క్రమం మారలేదు.

రెండవది ఒక జీవి జీవితంలో పరిస్థితులను బట్టి మారే కాలం. కోస్తా ఆంధ్రలో చేపల పెంపకందారులు పిల్లలను ఇరుకైన చెరువుల్లో ఏడాదిపాటు ఎదగకుండా ఉంచి, తరువాత విశాలమైన చెరువుల్లో వదిలి వేగంగా పెంచడం ఇందుకు ఉదాహరణ. ఇక్కడ వయసు సాగింది, పరిమాణం ఆగింది. గూల్డ్ చెప్పిన విభజనకు ఇది కళ్లకు కట్టే నిదర్శనమే. అయినా ఆ చేప సంతానానికి ఈ మార్పు అందదు. 1952లో భారతదేశానికి వచ్చిన తిలాపియా ఇరుకు చెరువుల్లో చిన్న పరిమాణంలోనే, కొద్ది నెలల వయసులోనే గుడ్లు పెట్టడం కూడా ప్రధానంగా ఈ కోవకే చెందుతుంది.

మూడవది వంశపారంపర్యంగా స్థిరపడిన కాలమార్పు. సూదిమూతి చేప దవడ, డానియొనెల్లా అస్థిపంజరం ఇందుకు ఉదాహరణలు. దీనికే భిన్నకాలికత అన్న పేరు తగుతుంది. రెండవ రకం మార్పు మూడవదానికి దారి తీయగలదా అన్నది పరిణామ శాస్త్రంలో నేటికీ చర్చనీయాంశమే. ఏటా గడువు మారే నీటిలో, ఒకే జాతి చేపలు పక్కపక్క చెరువుల్లో ఏ వయసులో, ఏ పరిమాణంలో గుడ్లు పెడుతున్నాయో పోల్చి చూడడం ఆ చర్చకు ఉపకరించే ఆధారం.

9. ముగింపు

చేపల వైవిధ్యం అంటే పెరిగిన రూపాల జాబితా కాదు. అది జీవితక్రమాల వైవిధ్యం. హెకెల్ మినహాయింపుగా పేర్కొన్న కాలమార్పు గార్‌స్టాంగ్, డి బీర్, హాల్డేన్, గూల్డ్‌ల కృషితో పరిణామానికి ఒక ప్రధాన మార్గంగా స్థిరపడింది. ఈ చరిత్రలో తెలుగునేల తొలి నమూనాలనిచ్చింది, ఒక సిద్ధాంతకర్త దేహానికి చోటిచ్చింది. జీవితక్రమాల నమోదులో ఇవ్వవలసింది మాత్రం ఇంకా మిగిలే ఉంది.

ఈ మిగులు పనికి గడువు ఉంది. ఒక చెరువు వరుసగా కొన్నేళ్లు నిండకపోతే అందులోని చిన్న చేపల జీవితక్రమం నమోదు కాకుండానే పోతుంది. నిండిన ఏడాది కేంద్రాల నుంచి తెచ్చిన పిల్లలతోనే చెరువును నింపితే, స్థానిక జాతుల ఎదుగుదల కాలాన్ని విడిగా గుర్తించడం కష్టమవుతుంది. ఓబులదేవరచెరువు, కదిరి, ధర్మవరం, పెనుకొండ ప్రాంతాల కళాశాలల జంతుశాస్త్ర విభాగాలు చెరువు నిండిన తేదీ, తొలి పిల్లలు కనిపించిన తేదీ, గుడ్లున్న అతి చిన్న చేప పొడవు, నీరు ఇంకిన తేదీ అనే నాలుగు అంశాలను ఏటా నమోదు చేస్తే చాలు. వాటితోపాటు చేపల దశలకు స్థానికులు వాడే పేర్లను కూడా సేకరించాలి. రస్సెల్ తెలుగు పేర్లను నమోదు చేసినందువల్లనే అవి శాస్త్రంలో నిలిచాయి. చేప ఎదిగే కాలాన్ని నమోదు చేసే బాధ్యత నేటి పరిశోధకులది.